బెజవాడ యింటి కఱవు

కఱవులు రెండు విధములు. పంట పండక వచ్చునది యొకటి. పండిన పంట గాదెలలో నుండగనే, కొనుటకు చేత కాసు లేక జనులు పస్తుండుట రెండవది. ధాన్యము అంతగా కొఱవడకున్నను ఘోరక్షామములు రాగలవని అమర్త్యసేను 1981లో ప్రకటించిన గ్రంథమున, 1943 నాటి వంగదేశపు కఱవు మొదలగువానిని పరీక్షించి చూపెను. ఆ మాట యన్నమునకే గాక యింటికిని చెల్లును. నేడు బెజవాడలో నడచుచున్న యింటి కఱవు ఈ రెండవ విధమునకు చెందినది. ఇటుకకు లోటు లేదు. సిమెంటునకు లోటు లేదు. ఏ పేటకు బోయినను కొత్త మేడలు లేచుచునే యున్నవి. అయినను నెలజీతముపై గాని దినకూలిపై గాని బ్రదుకు కుటుంబమునకు, పని చేయు చోటికి చేరువలో, తన రాబడిలో నిమిడెడి యద్దెకు రెండు గదుల వాటా దొరకుట దుర్లభమైనది. దీనికి మన ప్రభుత్వములు వ్రాసి యిచ్చుచున్న మందొక్కటే: ఊరి వెలుపల కొంత స్థలము, దానికొక పట్టా. ఆ మందు ఈ రోగమునకు పనికిరాదనియు, అద్దెయిండ్లను తానే కట్టించి తన చేతిలోనే యుంచుకొని నడపుట నగరపాలక సంస్థకు విధియనియు మేము వాదింప బూనినాము.

మొదట ఊరి సంగతి చూతము. ఈ నగరము జనముచేత పెద్దది, నేలచేత చిన్నది. 1855లో కృష్ణపై ఆనకట్ట ముగిసిన పిదప కాలువల కూడలియై, ఆ శతాబ్ది చివరి దశకమున నదిపై రైలువంతెన పడిన పిదప రైళ్ల కూడలియై పెరిగిన యూరిది. 1888లో మునిసిపాలిటీ యైనది. 1981లో కార్పొరేష నైనది. దక్షిణమున కృష్ణ యడ్డము, పడమట నింద్రకీలాద్రి, నడుమ మొగల్రాజపురము, గుణదల కొండలు, ఉత్తరమున బుడమేరు, ఊరి కడుపులోనుండి బందరు, ఏలూరు, రైవసు కాలువలు. నగర పరిధి 61.88 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన నాటికే యందు 10 లక్షలకు పైబడిన జనము. అనగా చదరపు కిలోమీటరునకు 16 వేలకు మించి. ఇంత యిఱుకైన చోట, అద్దెకు దొరకు గది యొకటి తగ్గినచో, ఆ తగ్గుట యొక కుటుంబము నెత్తిన వెంటనే పడును.

ఇట్టి యూరిపైకి 2014లో రాజధాని వచ్చెను. ఆ యేడు జూను 2న రాష్ట్రము విడివడగా, సెప్టెంబరు నెలలో రాజధాని బెజవాడ పరిసరములయందుండునని శాసనసభలో ప్రకటన వెలువడెను. 2016లో సచివాలయము వెలగపూడికి తరలెను. కొత్తగా వచ్చిన యుద్యోగులకు ఇంటియద్దె భత్యము కలదు. ఆటోనగరు మెకానిక్కునకును, దుకాణపు గుమాస్తాకును, ఆసుపత్రి ఆయాకును భత్యము లేదు. ఒకే వాటా కొఱకు ఈ యిరువురును నిలిచినచో, యజమాని యెవరి కిచ్చునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉద్యోగులను మేము నిందింపము. వారును పరాయి యూరికి వచ్చి తలదాచుకొనువారే. లక్షలాది జనులు నివసించు నగరమునకు రాజధాని భారము నెత్తునపుడు, వచ్చెడివారు ఎక్కడ నుందురు, ఉన్నవారు ఎక్కడికి పోవుదురు అను రెండు ప్రశ్నలను ప్రభుత్వము వేసికొనవలసినది గదా! రహదారులకు నమూనాలు గీయబడినవి. భవనములకు నమూనాలు గీయబడినవి. అద్దెకుండువానికి మాత్రము ఏ నమూనాలోను చోటు లేకపోయెను.

అయినను నేరమంతయు రాజధానిదని చెప్పుట సత్యము గాదు. అంతకు ముందునుండియే యీ యూరిలో అద్దెయిండ్లు హరించుచున్నవి. సత్యనారాయణపురము, గవర్నరుపేట, వన్‌టౌను వీథులలో పూర్వము 'వాటాలు' అనునవి విరివిగా నుండెను. ఒక పెరడు, ఒక నుయ్యి లేక కొళాయి, చుట్టును రెండేసి గదుల వాటాలు నాలుగో అయిదో. ఒకదానిలో యజమాని, తక్కినవానిలో బడిపంతులు, రైల్వే ఉద్యోగి, దర్జీ. వసతులు స్వల్పములు, మరుగుదొడ్డి యుమ్మడి, నీళ్ల వద్ద తగవులు నిత్యము. ఆ జీవనము స్వర్గమని మేమనము. కాని ఆ వాటాలు జీతగాని యందుబాటులో నుండెను. నేడు వారసులు ఆ స్థలమును బిల్డరునకు అప్పగింతురు. కొన్ని ఫ్లాట్లు వారికి, కొన్ని బిల్డరునకు. పెరడు పోయి మేడ లేచును. దీనినే యభివృద్ధి యందురు. లెక్క యెట్లున్నదో చూడుడు. పూర్వ మచ్చట వాటాలు అయిదనుకొందము. నేడు ఫ్లాట్లు పదియనుకొందము. ఇండ్లు రెట్టింపైనవి. కాని ఆ యైదు వాటాలలో నుండిన యైదు కుటుంబములకు ఈ పదింటిలో నొకటియు అందదు. ఇండ్ల సంఖ్య పెరిగి, ఇల్లు దొరకెడివారి సంఖ్య తఱుగుట యనగా నిదియే.

ఆ ఫ్లాట్లను కొనువారిలో కాపురము చేయుటకు కొనువారు పెక్కురు. వారితో మాకు తగవు లేదు. మఱికొందఱు బంగారము కొన్నట్లు కొందురు. కృష్ణా గుంటూరు మండలములనుండి అమెరికా మొదలగు దేశములకు వెళ్లి స్థిరపడినవారు, సొంతయూరిపై మమకారముచేత కొంతయు, వెల పెరుగునను నాశచేత కొంతయు కొని తాళము వేయుదురు. ఇంటి వెలలో సాలుకు వచ్చు నద్దె నూటికి రెండు మూడు రూపాయలను మించుట మన నగరములలో నరుదు. ఆ రెండు మూడు రూపాయల కొఱకు అద్దెకున్నవానితో వ్యవహార మెందులకని యజమాని తలచును. వెల పెరుగుటయే యతనికి లాభము. కావున ఇల్లు మూతపడి యుండును. ఒక్కొక్కచోట మేడకు మేడనే ఇంటర్మీడియెటు కళాశాలలు వసతిగృహములకై తీసికొనును. పిల్లలు చదువుకొనవలదని యెవ్వరనగలరు? కాని కాపురముండవలసిన మేడ వసతిగృహమైన నాడు, ఆ పేటలో నద్దెయిండ్లు మఱికొన్ని తగ్గెనని మాత్రము గుర్తింపవలెను.

ఇది బెజవాడకే చెందిన రోగము గాదు. నగరములందలి యిండ్ల కొఱతను లెక్కించుటకు కేంద్రప్రభుత్వము అమితాబ్ కుండు అధ్యక్షతన నియమించిన సంఘము, 2012 నాటికి దేశమున 1 కోటి 88 లక్షల యిండ్లు కొఱవడినవని తేల్చెను. అందు నూటికి 96 పాళ్లు అల్పాదాయ వర్గములవారివే. మఱియు నొక విషయము గమనింపదగినది. ఈ కొఱతలో బొత్తిగా నిలువనీడ లేనివారు 5 లక్షల చిల్లర మాత్రమే. కోటిన్నర వఱకు ఇఱుకు కాపురములవారు, అనగా పెండ్లియైన జంటకు వేఱొక గది యైనను లేని కుటుంబములు. ఇంటి కఱవు వీథిలో పడుకొనువానియందు మాత్రమే కనబడునదని తలచుట పొరపాటు. అది తలుపుల వెనుక, ఒకే గదిలో అత్తమామలును కొడుకు కోడలును మనుమలును ఒదిగి పడుకొను చోట నున్నది. ఇక రెండవ లెక్క: 2011 జనగణన దేశపు నగరములలో 1 కోటి 11 లక్షల యిండ్లు ఖాళీగా నున్నవని చెప్పెను. అవి యన్నియు నివాసయోగ్యములు గావనవచ్చును. కొన్ని శిథిలములు, కొన్ని తగవులలో నున్నవి యనవచ్చును. ఎంత తీసివేసినను, కొఱత కోటిన్నర దాటిన దేశమున తాళము పడిన యిండ్లు కోటి యుండుట యే న్యాయమునకు సరిపడును?

తాళము తీసి అద్దెకిచ్చు యజమాని యున్నను, అందఱకు ఇచ్చునా? టులెట్ బోర్డు చూచి తలుపు తట్టినవాని కెదురగు మొదటి ప్రశ్న అద్దెను గూర్చినది గాదు, 'మీరేమిట్లు?' అనునది. రెండవది 'మీరేమి తిందురు?' అనునది. ఇంటిపేరు చెప్పిన పిదప 'ఇల్లు నిన్ననే యిచ్చివేసినాము' అను మాట వినిన దళితుడును మహమ్మదీయుడును ఈ యూరిలో నెందఱో కలరు. రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసి డెబ్బదియైదు సంవత్సరములు దాటినది. అది యిప్పుడు గడప దాటి లోనికి పోయి, అద్దె బేరములో దాగినది. ఒక సహకార గృహసంఘము తన సభ్యత్వమును స్వమతస్థులకే పరిమితము చేసికొనుట చెల్లునని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినందున, ప్రైవేటు యజమానుల విషయమున చట్టపు చేయి యెంత పొట్టిదో తెలియవచ్చుచున్నది. ఇట్టివానికి ఇంటి కఱవు రెండింతలు. ధనము తక్కువైనవానికి కొన్ని యిండ్లు మూసికొనును. కులము తక్కువ యనబడినవానికి ధనమున్నను మూసికొనును.

ఇట్లు పల్లపు నేలపై చోటు దొరకనివా రేమైరి? కొందఱు కొండ యెక్కిరి. కొందఱు ఏటిలోనికి దిగిరి. ఇది యలంకారము గాదు. కొండవాలును తొలిచి, రాతికి గోడ నానించి కట్టుకొనిన యిండ్ల వరుసలు ఇంద్రకీలాద్రినుండి గుణదల వఱకును కానవచ్చును. ఉత్తరమున బుడమేటి ముంపునేలలో పేటలకు పేటలే వెలసినవి. 2024 ఆగస్టు 31న కుండపోతగా కురిసిన వానకు మొగల్రాజపురమున కొండచరియ విఱిగి యిండ్లపై పడెను, ప్రాణములు పోయెను. మఱునాడు, సెప్టెంబరు 1న, బుడమేటి గండ్లనుండి వెలువడిన నీరు సింగునగరమును, పాయకాపురమును, వాంబే కాలనీని ముంచెను. జనులు దినముల తరబడి మేడలమీద అన్నపు పొట్లముల కొఱకు ఆకాశము వంక చూచుచు గడపిరి. వఱద తీయగనే వినవచ్చిన కేక యేది? 'ఆక్రమణలను తొలగింపవలెను' అని! ఏటి దారి ఏటికి విడువవలె ననుట యథార్థమే. కాని వాల్మీకి అంబేడ్కరు ఆవాసయోజన పేరిట వాంబే కాలనీని కట్టినది ప్రభుత్వమే గదా, అదియు నాక్రమణయేనా? కూలివాడు ముంపునేలను ఎన్నుకొనలేదు. తక్కిన నేల యంతయు వానికి మూసివేయగా మిగిలినది అదియే. ఆ నేలనుండి గూడ తఱుముటకు ముందు, 'ఎక్కడికి పొమ్మందురు?' అను ప్రశ్నకు బదులు చెప్పవలెను.

బదులుగా ప్రభుత్వములు పట్టాను చూపుచున్నవి. ఆ పట్టాల చరిత్రను పక్షపాతము లేక చూతము. 2016 మొదలు 2019 వఱకు టిడ్కో సంస్థ రాష్ట్రపు పట్టణములలో 300, 365, 430 చదరపు అడుగుల యిండ్లను కట్టింప మొదలిడెను. గోడలు లేచిన యిండ్లు అనేకము, ప్రభుత్వము మాఱగనే, రోడ్డును నీరును కరెంటును లేక సంవత్సరముల తరబడి తలుపులు మూసికొని నిలిచెను. తరువాతి ప్రభుత్వము 2020 డిసెంబరు 25 మొదలుగా రాష్ట్రమంతట లక్షలాది పట్టాలను పంచెను. పట్టణపు పేదకు దక్కినది ఒక సెంటు, అనగా 48 గజముల చిల్లర. దానిపై నిల్లు కట్టుకొనుటకు సాయము 1 లక్ష 80 వేలు. తక్కిన ధనము అప్పో, తాకట్టో, ఇల్లాలి మెడలోని పుస్తెలతాడో. 2023 మే 26న బెజవాడ, గుంటూరు ప్రాంతపు పేదలు సుమారు 50 వేలమందికి కృష్ణ యావలి యొడ్డున, అమరావతిలో 1,402 ఎకరములలో పట్టా లీయబడెను. రాజధాని కొఱకు భూమి నిచ్చిన రైతులు న్యాయస్థానమున కెక్కిరి. ఆగస్టు 3న హైకోర్టు ఇండ్ల నిర్మాణమును నిలిపివేసెను. 2024లో మరల ప్రభుత్వము మాఱెను; పట్టణములలో నొక సెంటునకు బదులు రెండు సెంట్లని కొత్త మాట వెలువడెను. ఒకరు సెంటనిరి; ఒకరు రెండనిరి. ఈ వేలముపాటలో, పేద యుండుటకు తగిన యిల్లు పని చేయు చోటికెంత దూరమని యడిగినవారు లేరు.

దూరమే యిందలి కీలకము. దినకూలి ఉదయము ఆఱు గంటలకు కూలీల అడ్డాలో నిలువవలెను. ఇండ్లలో పాచిపని చేయు స్త్రీ నాలుగిండ్లు ముగించుకొని బిడ్డ బడినుండి వచ్చు వేళకు ఇల్లు చేరవలెను. ఊరికి ఆమడ దూరమున నిచ్చిన పట్టా ఆమెకు ఆస్తి యగునేమో గాని యిల్లు కాజాలదు. రెండు పూటల ఆటో ఛార్జీ ఆమె కూలిలో నొక భాగమును మ్రింగును. అందుచేతనే పట్టా పొందినవారిలో ననేకులు దానిని పెట్టెలో దాచి, మరల నగరములో ఇఱుకు గదికి అద్దె కట్టుచున్నారు. కొందఱు దానిని రహస్యముగా అమ్ముకొనుచున్నారు. అమ్ముకొనిరని వారిని తిట్టుట సులభము. వారికి కావలసినది యొకటి, మన మిచ్చినది వేఱొకటి యని యొప్పుకొనుటయే కష్టము.

'సొంతయిల్లు గౌరవము, పేదకు అద్దెయిల్లు చాలుననుట వానిని కించపఱచుట' అని కొందఱు మాతో వాదింతురు. గౌరవమే, మేము కాదనము. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలనిన మాటలోని భారమును మోసి గెలిచినవానికి మా నమస్కారము. కాని ఆ భారమును మోయుటకు పాతికేండ్లు పట్టును. ఈ పాతికేండ్లు వాడెక్కడ నుండవలెను? పల్లెనుండి నిన్న వచ్చిన యువకుడు, ఉద్యోగరీత్యా మాఱుచుండు చిన్న జీతగాడు, భర్తను విడిచి బిడ్డలతో విడిగా నుండదలచిన స్త్రీ, పెన్షనుపై బ్రదుకు వృద్ధదంపతులు — వీరందఱకు నేడు కావలసినది పట్టా గాదు. రేపటినుండి కాపురముండుటకు ఒక తలుపు, ఒక తాళపుచెవి.

కావున మేము కోరునది యిది. కార్పొరేషను నగరము లోపలనే అద్దెయిండ్లను కట్టవలెను; కట్టి అమ్మరాదు, పంచరాదు; తానే యజమానియై యుండవలెను. అద్దె కుటుంబపు రాబడిలో నాలుగవ వంతును మించరాదు. ఇండ్లను చీట్లు వేసి పంచవలెను గాని సిఫారసులపై నీయరాదు. నగరపాలక సంస్థ రాజ్యాంగ దృష్టిలో ప్రభుత్వమే. 15వ అధికరణముచేత అది మతమును, కులమును, లింగమును బట్టి యెవ్వరిపట్ల వివక్ష చూపరాదు. 'మీరేమిట్లు?' అని తిరస్కరించుటకు హక్కు లేని యింటి యజమాని ఈ యూరిలో నొక్కటియైనను ఉండుట యెంత మేలు! ప్రైవేటు యజమాని మనస్సును చట్టము మార్చలేక పోవచ్చును; ప్రజల యిల్లు పోటీకి నిలిచినచో, ఆ మనస్సున కున్న బలము తఱుగును.

ఇది కలయని నవ్వువారికి వియన్నా నగరమును చూపుదుము. మొదటి మహాయుద్ధము ముగిసిన పిదప ఆ నగరమున కూలివాండ్ర కాపురములు దుర్భరములై యుండెను. నగరసభ 1923లో గృహనిర్మాణపు పన్ను నొకదానిని విధించెను. పెద్ద భవనములపై హెచ్చుగాను, చిన్న యిండ్లపై స్వల్పముగాను. ఆ ధనముతో 1934 లోపల 60 వేలకు పైగా నద్దెయిండ్లను కట్టెను. వానిని అమ్మలేదు. నూఱేండ్లు గడచినను నేడా నగరజనులలో సుమారు సగము మంది నగరసభ యిండ్లలోనో, పరిమితలాభ సంఘముల యిండ్లలోనో నివసించుచున్నారు. అచ్చటివారు మనకంటె తెలివిగలవారు గారు. కట్టినదానిని చేజార్చుకొనలేదు, అంతే.

మన దేశమునను ఈ యాలోచన లేకపోలేదు. 2020లో నగరములనుండి కాలినడకన స్వగ్రామములకు మరలిన వలసకూలీలను చూచి కేంద్రప్రభుత్వము అద్దెయిండ్ల పథకము నొకదానిని వెలువరించెను. పూర్వపు పథకములలో కట్టి ఖాళీగా పడియున్న 83 వేల పైచిలుకు ఇండ్లను అద్దెల కీయవలెనని సంకల్పము. 2023 నాటికి అట్లు అద్దెకెక్కినవి 6 వేలకు లోపు. 2024లో కొత్తగా రూపొందిన ప్రధానమంత్రి ఆవాసయోజనలో అద్దెయిండ్లకు ప్రత్యేక విభాగమే కలదు. కాగితముపై దారి యున్నది; నడచువాడు లేడు. నడువకుండుటకు కారణము స్పష్టము. పట్టా నిచ్చినచో బహిరంగసభ యుండును, చేతికి కాగిత మందించు ఛాయాచిత్రముండును, వోటుండును. అద్దెయింటికి నెలనెల అద్దె వసూలు చేయవలెను, కాఱుచున్న కొళాయిని బాగు చేయవలెను, ఛాయాచిత్రముండదు.

ధన మెక్కడిదని యడుగుదురు. మొదటి ధనము నేల. నగరములో ప్రభుత్వశాఖల పాత క్వార్టర్ల స్థలములు, పాడుపడిన కార్యాలయముల యావరణలు కలవు. 2020లో నీ రాష్ట్రమున ప్రభుత్వభూములను వేలము వేసి ధనము కూర్చుకొన బూనిరి; అటువంటి భూమి నొక్కసారి యమ్మినచో మరల కొనుట యసాధ్యము. దానిని అమ్మక అద్దెయిండ్లకు విడువవలెను. రెండవ ధనము పన్ను. 2021నుండి మన పురపాలకులు ఇంటిపన్నును మూలధనపు విలువ ననుసరించి వేయుచున్నారు. ఖాళీ స్థలమునకు వేఱుగ పన్ను కలదు. ఆ మార్గముననే, సంవత్సరములో అధికభాగము తాళముతో నుండు రెండవ యింటిపై, మూడవ యింటిపై హెచ్చు పన్ను విధింపవలెను. దానిని గృహనిధియందే జమకట్టవలెను. 'నా యిల్లు, నా తాళము' అనువారికి మా సమాధాన మిది: తాళము నీది, కాని నీ యింటి వెలను పెంచిన రోడ్డు, మురుగుకాలువ, వంతెన, రాజధాని నీవి గావు. ఊరందఱు కలసి పెంచిన వెలలో ఊరికి కొంత భాగ మిమ్మనుట దోపిడి గాదు.

యజమానులు మఱియొక మాట చెప్పుదురు: 'అద్దె చట్టమే మమ్ము భయపెట్టినది, అద్దెకున్నవాడు కదలడు, అందుచే తాళము వేసితిమి' అని. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము యజమానిని కొంత కట్టివేసిన మాట నిజమే. కాని 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనములను ఆ చట్టము మొదటినుండియు మినహాయించెను. 1983లో సుప్రీంకోర్టు కొట్టివేయు వఱకు ఆ మినహాయింపు చెల్లుచునే యుండెను. నేటి వాడుకలో నద్దె కాగితము పదునొకండు నెలలకే వ్రాయబడుచున్నది. ఏడాది పూర్తియైనచో రిజిస్ట్రేషను కావలెనను తలపుతో నొక నెల తగ్గింతురు. పదునొకండవ నెల చివర నద్దె పెంచుటయో, ఖాళీ చేయుమనుటయో యజమాని చేతిలోనిదే. బిడ్డల బడి నడుమ సామాను బండికెక్కించుకొని పేటలు మాఱెడివా డెవడు? భయము నిజముగా నెవరిది?

చివరగా, 'కార్పొరేషను ఇండ్లను నడుపగలదా? లంచములు, గోడల పగుళ్లు, వసూలు కాని యద్దెలు!' అను నాక్షేపణ యొకటి కలదు. అనుభవమునుండి పుట్టిన యాక్షేపణ గనుక దీనిని తేలికగా త్రోసివేయము. గృహనిధికి వేఱు లెక్క, వేఱు పాలకవర్గము, అందు అద్దెకున్నవారి ప్రతినిధులు, ఏటేట ప్రకటింపబడు జమాఖర్చు ఉండవలెను. కాని ఒక ప్రశ్న. ఈ కార్పొరేషను తన దుకాణ సముదాయములలోని అంగళ్లను దశాబ్దములుగా అద్దెల కిచ్చుచునే యున్నది. పాటలు పాడించుచున్నది, వసూలు చేయుచున్నది, బకాయిదారుల కొట్లకు సీళ్లు వేయుచున్నది. చీరల కొట్టుకు యజమానిగా నుండ నేర్చిన సంస్థ, ఆ కొట్టులో చీరలు మడచు గుమాస్తా యింటికి యజమానిగా నుండ నేర్వలేదా?

ఈ పత్రికను చదువువారిలో సొంతయిండ్లవారు పెక్కురు. ఒకటికి మించి యున్నవారును కలరు. వారికి మా విన్నప మొకటి. మీ వాటా ఖాళీ యైనపుడు వచ్చినవాని కులము నడుగకుడు. అద్దె కట్టగలడా, ఇల్లు శుభ్రముగా నుంచుకొనునా యని మాత్రమే యడుగుడు. తాళము వేసిన యింటిని ఈ సంవత్సరము తెఱవుడు. ఇది మీ చేతిలోని పని. చట్టము కొఱకు వేచియుండ నక్కఱలేదు. తక్కినది మన యందఱ పని. పురపాలక సంస్థ యెన్నికలు వచ్చినపుడు ప్రతి పక్షమువాడును మీ గుమ్మము నెక్కును. ఎన్ని పట్టాలు పంచితివని గాని, ఎన్ని పంచెదవని గాని యాతని నడుగకుడు. ఈ యైదేండ్లలో నగరపు నడిబొడ్డున నెన్ని యద్దెయిండ్లు కట్టింతువు, వాని నమ్మకుండ నుంచుకొందునని వ్రాసి యిత్తువా యని యడుగుడు. బదులు చెప్పలేనివానికి వోటు లేదనుడు. కొండమీది చరియకును ఏటి గండికిని మరల నొక కుటుంబము నప్పగింపకుండ నుండవలెనన్నచో, ఇంతకంటె దగ్గఱ దారి మాకు కనబడుట లేదు.